పందుంపుల్లకు అందనిది

మన యిండ్లలో దంతవైద్యునియొద్దకు పోవలెనను సంకల్పము సాధారణముగా అర్ధరాత్రమున పుట్టుచుండును. పగలంతయు సహింపదగినదిగానే యున్న బాధ, దీపములార్పి పడుకొన్న పిమ్మట కణతలోనికిని చెవిలోనికిని ప్రాకి, తలగడ ఏ వైపునకు త్రిప్పుకొన్నను కనుమూత పడనీయనప్పుడు, పెద్దలు మొదట ఒక లవంగమును పంటిసందున పెట్టుకొమ్మందురు. అది చాలకున్న ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిని పుక్కిలింపుమందురు. మరునాడు మందులకొట్టువాని సలహాపై రెండు మాత్రలు మ్రింగుటయు జరుగును. ఇవన్నియు విఫలమైన తరువాతగాని వైద్యుని పేరు ఎవరికిని స్ఫురింపదు. లవంగము పనిచేయదని నేననను. అందలి యూజినాల్ అను ద్రవ్యము నరమును నిజముగానే మొద్దుబార్చును. దంతవైద్యులే దానిని జింక్ ఆక్సైడుతో మేళవించి పంటిగుంటను తాత్కాలికముగా పూడ్చుటకు వాడుచుందురు. అది పనిచేయుటయే వచ్చిన చిక్కు. బాధ అణగినది గనుక రోగమును అణగినదని తలచి, మరల ఆ పన్ను సలుపునంతవరకు దాని ఊసెత్తము.

నాలుగు దినములు వేధించిన పన్ను ఐదవనాడు తనంతట తాను శాంతించినచో, అది కుదుటపడుటకు గాక లోపలి నరము చచ్చుటకు గుర్తు కావచ్చును. పంటిగర్భమున నరములతోను రక్తనాళములతోను కూడిన మెత్తని గుజ్జు క్రిములపాలై నిర్జీవమైన పిదప బాధను తెలుపుటకు అచ్చట ఏమియు మిగులదు. క్రిములు మాత్రము వేరు కొనగుండ ఎముకలోనికి దిగి, చీముగూడు కట్టి, కొన్ని వారములకో నెలలకో దవడవాపు రూపమున మరల దర్శనమిచ్చును. నొప్పిని నమ్మి కాలము గడుపువాడు రెండు విధముల మోసపోవుచున్నాడు: అది వచ్చునప్పటికే ఆలస్యమగును, పోయినప్పుడు మరింత ఆలస్యమగును.

దంతములను హరించు రెండు మహావ్యాధులును, అనగా పిప్పియు చిగుళ్ళవ్యాధియు, ఆరంభదశలో నొప్పి యెరుగనివి. పంటిని కప్పియున్న ఎనామిల్ అను పొర మన దేహమునందెల్ల కఠినతమమైనది. దాని తూకములో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. అందు నరమన్నది లేదు. మనము తిన్న తీపిని, పిండిపదార్థములను నోటిలోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లమును పుట్టించును. నోటి పీహెచ్ సుమారు 5.5 కంటె దిగజారినప్పుడు ఎనామిల్‌నుండి ఖనిజము కరగుట మొదలిడును. కొంతసేపటికి లాలాజలము ఆ ఆమ్లమును విరిచి, పోయిన ఖనిజమును తిరిగి చేర్చును. ఈ క్షయమును ఈ పూరణమును దినమునకు పలుమార్లు జరుగుచునే యుండును. అయితే గంటగంటకు చక్కెర వేసిన టీ త్రాగువానికిని, పని చేయుచు బిస్కత్తులు నములుచుండువానికిని పూరణమునకు వ్యవధి చాలదు. అప్పుడు పంటిపై సుద్దవంటి తెల్లని మచ్చ యొకటి పొడచూపును. ఈ దశలో గుర్తించినచో, ఫ్లోరైడు పూతతోను ఆహారనియమముతోను దానిని వెనుకకు మరలింపవచ్చును; గుంట తీయనక్కరలేదు, పూడ్చనక్కరలేదు. కాని ఆ తెల్లమచ్చను అద్దములో చూచి ఆనవాలు పట్టగల గృహస్థుడు అరుదు. రెండు పండ్లు ఒరసికొను సందులలో పుట్టిన పిప్పినైతే వైద్యుడు సైతము ఎక్స్‌రే లేక కనుగొనుట కష్టము.

చిగుళ్ళవ్యాధి ఇంతకంటె నిశ్శబ్దమైనది. పండ్లు తోముకొన్న కొన్ని గంటలలోనే వానిపై సూక్ష్మజీవుల పాచి పలుచని పొరగా మరల పేరుకొన నారంభించును. దానిని ఏ దినమున కా దినము తొలగించినంతకాలము ఉపద్రవము లేదు. తొలగింపని చోట లాలాజలమునందలి కాల్షియము, ఫాస్ఫేటు చేరి, కొన్ని దినములలోనే అది గట్టిపడి గారయై కూర్చుండును. నీళ్ళుకాగు బిందె అడుగున ఏండ్లతరబడి తెల్లని గార పట్టుట మనమెరిగినదే; ఇదియు అట్టిదే. క్రింది ముందరిపండ్ల వెనుకభాగమునను, పై దవడపండ్ల బుగ్గవైపునను ఇది అన్ని చోట్లకంటె ముందు పట్టుటకు కారణము, లాలాజల గ్రంథుల నాళములు సరిగా ఆ చోటులకు ఎదురుగా తెరచుకొనుటయే. ఒకసారి గారయైన పిమ్మట బ్రష్షుగాని, వేపపుల్లగాని, ఉప్పుగాని, ఎంత ఖరీదైన పేస్టుగాని దానిని కదల్పజాలవు. గరుకైన ఆ గారపై క్రొత్తపాచి సులభముగా నిలుచును. చిగురు ఎర్రబారి ఉబ్బును. తోముకొన్నప్పుడు నెత్తురు కనబడును.

ఇచ్చటనే మనవారు చేయు ముఖ్యమైన పొరపాటు. నెత్తురు బ్రష్షువలన వచ్చినదని భ్రమించి, ఆ చోట తోముట మానివేయుదురు. మానినకొలది పాచి పెరుగును, పాచి పెరిగినకొలది నెత్తురు హెచ్చును. ఆరోగ్యముగల చిగురు మెత్తని బ్రష్షుతో తోమినంతమాత్రమున స్రవింపదు. పొగత్రాగువారి విషయమున ఈ హెచ్చరికయు లోపించును: పొగాకు చిగుళ్ళలోని రక్తప్రసారమును కుదించుటచే, లోపల వ్యాధి ముదురుచున్నను పైకి నెత్తురు కానరాదు. క్రమముగా చిగురు పంటినుండి విడివడి సంచివలె ఏర్పడును, అడుగుననున్న ఎముక కరుగును, చిగురు దిగజారి పండ్లు పొడవైనట్లు తోచును, నడివయస్సున పిప్పి యొక్కటియు లేని తెల్లని పండ్లు వరుసగా కదలి ఊడిపోవును. "మా వంశమున అందరికిని నలువదవయేటనే పండ్లు పోవును" అని చెప్పుకొను కుటుంబములున్నవి. వంశపారంపర్యమునకును ఇందు కొంత పాత్ర కలదు. కాని వంశానుగతముగా వచ్చునది పలుతావుల వ్యాధికంటె ఆ ఉపేక్షయే యని నా యభిప్రాయము.

ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన భయమనువారు సుశ్రుతుని ఒకసారి తిరుగవేయవలెను. ఆయన ముఖరోగములను అరువదియైదుగా లెక్కించి, అందు పదునైదింటిని దంతమూలములకును, ఎనిమిదింటిని దంతములకును చెప్పెను. చిగుళ్ళనుండి నెత్తురు స్రవించు వ్యాధికి శీతాదమని పేరిడెను. పందుంపుల్ల పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును కలిగి, ముడులు లేక, ఋజువుగా నుండవలెనని నియమించి, చేదుగలవానిలో వేప, వగరుగలవానిలో చండ్ర శ్రేష్ఠములనెను. ఇంతవరకు మన తాతలు మరువలేదు. పల్లెలలో వేపయు కానుగయు ఉత్తరేణియు నేటికిని వాడుకలో నున్నవి. కాని ఆ మహానుభావుడు అంతటితో ఆగలేదు. పంటిమలము గట్టిపడి శర్కరవలె గరుకై దంతముల గుణమును చెరచుటను దంతశర్కర యని పేర్కొని, దానిని వైద్యుడు దంతమూలములకు హింస కలుగకుండ పెకలింపవలెననియు, తరువాత లక్కపొడిని తేనెతో కలిపి రుద్దవలెననియు విధించెను. ఆ పనికై ఆయన చెప్పిన ఇరువది శస్త్రములలో దంతశంకువను నొకటి ప్రత్యేకించి యున్నది. అనగా ప్రతిదినము గృహస్థుడు చేసికొనవలసిన శౌచము వేరు, అప్పుడప్పుడు శస్త్రము చేతబట్టిన నిపుణుడు చేయవలసిన శోధనము వేరు అను వివేకము ఈ దేశమునకు క్రొత్త కాదు. పుల్లను నిలుపుకొని శంకువును విడిచితిమి. సంప్రదాయాభిమానము ఎప్పుడును సులభమైన సగమునే ఎన్నుకొనును గదా!

ఇక పాశ్చాత్యుల సంగతి. సూక్ష్మదర్శినితో పరిశీలనలు జరిపిన హాలెండు దేశపు లీవెన్‌హుక్ ప్రతిదినము ఉప్పుతో పండ్లు రుద్దుకొని, తన వయస్సువారికంటె తన పండ్లు శుభ్రముగానున్నవని సంతోషించువాడు. అయినను వాని సందులలో ఏదో తెల్లని పదార్థము నిలిచియుండుట గమనించి, దానిని తన సూక్ష్మదర్శినిక్రింద ఉంచి చూడగా, అందు కదలాడు ప్రాణులు అసంఖ్యాకముగా కనబడినవి. 1683 సెప్టెంబరులో లండనులోని రాయల్ సొసైటీకి ఆయన వ్రాసిన లేఖ మానవుడు సూక్ష్మజీవులను వర్ణించిన తొలి వ్రాతలలో నొకటి. 1728లో ఫ్రాన్సునందు పియేర్ ఫోషార్ దంతచికిత్సపై బృహద్గ్రంథము వెలువరించి, పిప్పికి కారణము పంటిపురుగన్న పురాతన విశ్వాసమును త్రోసివేసెను. మన సంతలలో చెవిలోనుండియో పంటిలోనుండియో పురుగులను తీసి అరచేత చూపు గారడీవారు మాత్రము ఫోషారును వినియుండలేదు. పండ్లు శుద్ధిచేయుటయే వృత్తిగా గలవారిని తొలుత తయారుచేసినది అమెరికాలోని బ్రిడ్జిపోర్టు నగరపు దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోన్స్: 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఆ పని నేర్పి, 1913లో తన ఆవరణముననే పాఠశాల స్థాపించి, ఆ విద్యార్థినులను ఊరి బడిపిల్లల పండ్లు శుభ్రపరచుటకు పంపెను.

ఇక వైద్యునియొద్ద జరుగునదేమి? కుర్చీలో వెనుకకు వాల్చి, చిన్న అద్దముతో ప్రతిపంటి ముందువెనుకలను చూచును. మిల్లీమీటర్ల గీతలుగల సన్నని కడ్డీని చిగురునకును పంటికిని నడుమ మెల్లగా దించి లోతు కొలుచును. ఆ లోతు మూడు మిల్లీమీటర్ల లోపున్న మంచిదే. నాలుగు దాటినచో జాగ్రత్తపడవలెను. ఎక్స్‌రే ఎల్లరకు ఎల్లవేళల అక్కరలేదు. అక్కరపడినప్పుడు ఎముక మట్టమును, సందులలోని పిప్పిని తెలుపును. పిమ్మట స్కేలింగు: అతిధ్వని కంపనములుగల కొన గారను తాకి పగులగొట్టుచుండగా, వెంట చిమ్ము నీరు దానిని కడిగివేయును. పెక్కుమందికిది కొంత జివ్వుమనుటయే గాని నొప్పి కాదు.

స్కేలింగునుగూర్చి మూడపవాదములు ఇంటింట వినబడుచుండును. చేయించినచో పండ్లు కదలునని మొదటిది. ఎముక కరగి ఏనాడో పట్టుదప్పిన పండ్లు నడుమనున్న గారచే ఒకదానికొకటి అతికియుండి, ఆ గార పోయిన దినమున తమ నిజస్థితిని వెల్లడించును. అపరాధము తీసినవానిది గాదు, ఏండ్లపాటు తీయనివానిది. పండ్లనడుమ సందులు పడునన్నది రెండవది. ఆ సందు గార ఆక్రమించిన స్థలమే, వాపు తీసిన చిగురు యథాస్థితికి వచ్చుటచే అది కానవచ్చును. ఎనామిల్ అరిగిపోవునన్నది మూడవది. నేర్పరిచేత పరికరము గారనే తొలగించును గాని పంటిని చెక్కదు. చల్లనివి తగిలినప్పుడు కొన్ని దినములు జివ్వుమనుట మాత్రము నిజము, అది తగ్గిపోవును. పై పన్ను తీయించినచో కన్ను పోవునన్న భయమునుగూర్చి వాదించుటయే కాలహరణము.

పరీక్షయనగా పండ్ల పరీక్షయే యనుకొనుట తెలుగుదేశమున ప్రత్యేకించి ప్రమాదకరము. శ్రీకాకుళము మొదలైన ఉత్తరతీర మండలములలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచి త్రాగు అలవాటు, దానినే అడ్డపొగ యందురు, చిరకాలముగా స్త్రీలలో మెండు. ఆ వేడిమికి అంగిలి తెల్లబారి, దళసరియై, చుక్కలు పడి, కొందరిలో పుండై, పుట్టకురుపుగా, అనగా కాన్సరుగా, పరిణమించును. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గును, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చికి చెందిన మెహతా మొదలగువారును కలిసి ఆంధ్రదేశపు పల్లెలలో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిలియందలి మార్పులను వర్ణించుచు 1971లో ప్రకటించిన పరిశోధన నోటి కాన్సరు శాస్త్రమున నేటికిని ఉదాహరింపబడుచున్నది. ఆ పుండ్లు తొలుత నొప్పి పుట్టింపవు; అంగిలిని అద్దములో చూచుకొనువారెవరు? నేటి యువకుల గుట్కా, ఖైనీలవలన బుగ్గలోపలి పొర బిగిసి నోరు తెరచుకొనకుండుటయు, చెంపలోపల తెల్లని ఎర్రని మచ్చలేర్పడుటయు ఇట్టివే. రెండు వారములలో మానని పుండు ఏదైనను వైద్యునికి చూపింపవలెను. దంతవైద్యుడు పండ్లు శుభ్రపరచుచు నాలుక ప్రక్కలను, అంగిలిని, బుగ్గలను చూచు రెండు నిమిషములు ఆ సందర్శనమంతటిలో విలువైనవి కావచ్చును. ఆయన చూడకున్న, చూడుమని అడుగుటలో తప్పులేదు.

మనకే చెందిన మరియొక కథ నీటిది. అమెరికాలోని కొలరాడోలో పండ్లపై గోధుమరంగు మచ్చలను 1901లో ఫ్రెడరిక్ మకే చూచి ఆశ్చర్యపడగా, ఆ మచ్చలకు మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడని 1931లో చర్చిల్ అను రసాయనికుడు తేల్చెను. తరువాత ఆరేండ్లకే, 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు మండలమున పండ్లపైననే గాక ఎముకలపైనను ఫ్లోరైడు చేసిన క్రౌర్యమును వైద్యులు ప్రకటించిరి. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతములలోను, నల్లగొండ మండలమునను ఈ విపత్తు తరములను వంచినది. నీటినుండి ఫ్లోరైడును పటికతో సున్నముతో తొలగించు పద్ధతికి నల్లగొండ పేరే నిలిచినది. ఈ ప్రాంతములవారు గుర్తింపవలసినది: ఫ్లోరోసిస్ మచ్చ పన్ను తయారగునాడే లోపల పడినది, అది గార కాదు, గీకిన పోదు. దానికై బొగ్గుతోను ఇటుకపొడితోను రుద్దుకొని ఉన్న ఎనామిల్‌ను అరగదీసికొన్నవారు పెక్కుమంది. ఇట్టి ఊళ్ళలో పసిపిల్లలకు ఏ పేస్టు, ఎంత వాడవలెనన్నది ఊరి నీటిని బట్టి వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

మధుమేహము ఇంటింటను నున్న ఈ కాలమున చిగుళ్ళను వేరుగా, చక్కెరను వేరుగా చూచుట కుదరదు. చక్కెర అదుపు తప్పినచో చిగుళ్ళవ్యాధి తీవ్రమగును; చిగుళ్ళ వాపు దీర్ఘకాలము నిలిచినచో చక్కెర అదుపునకు వచ్చుట కష్టమగును; చిగుళ్ళకు చికిత్స చేయించినవారిలో చక్కెర కొంత తగ్గుట పరిశోధనలలో కనబడినది. గర్భవతులలో చిగుళ్ళు ఉబ్బి స్రవించుట సాధారణము; వారు స్కేలింగునకు వెరవనక్కరలేదు. గుండె కవాటము మార్పించుకొన్నవారును, నెత్తురు పలుచబరచు మందులు వాడువారును ఆ సంగతి కుర్చీ ఎక్కకమునుపే చెప్పవలెను.

ఎన్నినాళ్ళ కొకసారి పోవలెను? ఆరునెలల కన్న మాట అందరి నోట నున్నది. కాని అది ఏ ఒక్క పరిశోధననుండియు పుట్టిన సిద్ధాంతము కాదు, ఆచారముగా స్థిరపడినది. ఇంగ్లండులోని నైస్ అను సంస్థ 2004లో ఈ గడువును వ్యక్తిని బట్టి నిర్ణయింపుమని చెప్పి, పెద్దలకు మూడు నెలలు మొదలు రెండేండ్లవరకును, పదునెనిమిదేండ్ల లోపువారికి ఏడాది మించకుండను ఉండవచ్చుననెను. అపాయము తక్కువగల పెద్దలలో ఆరునెలల పరీక్షకును రెండేండ్ల పరీక్షకును నాలుగేండ్లు గమనించినను చెప్పదగిన భేదము కానరాలేదని అచ్చటి పరిశోధన 2020లో తెలిపినది. ఇది చదివి సంతోషించువారు ఒక్క మాట గమనింపవలెను: ఆ పరిశోధనలోనివారు అప్పటికే క్రమముగా వైద్యుని చూచుచున్నవారు. పుట్టినది మొదలు ఒక్కసారియు నోరు చూపింపని మనవారికి ఆ తీర్పు వర్తింపదు. మొదటి పరీక్ష ఈ మాసముననే కావలెను. రెండవది ఎప్పుడన్నది మొదటిదానినిబట్టి వైద్యుడు చెప్పును. పొగాకు, మధుమేహము, లోతుపడిన చిగుళ్ళు ఉన్నవారికి మూడు నాలుగు నెలలు. ఏ దోషమును లేనివారికి ఏడాది. మూడు మిల్లీమీటర్ల లోతు దాటని నోటికి మూడునెలల కొకసారి స్కేలింగు చేయింపుమను వైద్యుడు ఎదురైనచో ఎందుకని అడుగుట మంచిదే.

ఖర్చునుగూర్చి సందేహింపనక్కరలేదు, లెక్క తేటగా నున్నది. పరీక్షకును స్కేలింగునకును అగునది పలుచోట్ల వందలలో నుండును. అదే పన్ను గుజ్జువరకు చెడిన పిదప పంటివేరు చికిత్స, పైన తొడుగు కలిసి వేలలోనికి పోవును. పోయిన పన్నునకు బదులు నాటించుట అంతకు పెక్కు రెట్లు. సాధారణముగా మన ఆరోగ్యబీమాలు ఈ ఖర్చును భరింపవు. హైదరాబాదున అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి చెంతను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. ప్రైవేటు కళాశాలలలోను విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో స్వల్పవ్యయమునకు చేయుదురు. కొంత ఓపిక కావలెను, అంతే. 1920లో కలకత్తాలో రఫియుద్దీన్ అహ్మద్ భారతదేశపు తొలి దంతవైద్య కళాశాలను స్వంతధనముతో తెరచినప్పుడు ఇన్ని ద్వారములు ఉండునని ఎవరు తలచిరి? అమెరికాలోని అయోవాలో చదివివచ్చిన ఆయన కృషి యనంతరము, 1948లో దంతవైద్యుల చట్టము వచ్చి వృత్తికి నియమ మేర్పడినది. చట్టము వచ్చి ఇన్నేండ్లయినను బస్టాండుల ప్రక్కన గుడ్డ పరచి పండ్లు కట్టువారు కనబడుచునే యున్నారు. మన వైద్యులు నగరములలో గుమిగూడి, పల్లెలకు దూరముగా నున్నంతకాలము వారు కనబడుచునే యుందురు.

పిల్లలను తొలిపన్ను వచ్చిన తరువాత, ఏడాది నిండకమునుపే ఒకసారి చూపింపవలెను. పాలపండ్లు ఎట్లును ఊడునవేగదా యన్న ఉదాసీనత తగదు. అవి అకాలమున పోయినచో ప్రక్కపండ్లు జరిగి, తరువాత వచ్చు పండ్లకు చోటు లేక వంకరలు తిరుగును. పాలసీసా నోటనుంచుకొని నిదురించు బిడ్డల పైముందరిపండ్లు నల్లబారి విరుగుటకు కారణము ఆ పాలలోని చక్కెర రాత్రియంతయు అచ్చట నిలుచుటయే. ఆరవయేట వచ్చు మొదటి పెద్ద దవడపన్ను పాలపన్ను ఊడకయే వెనుక మొలచును గనుక, తల్లిదండ్రులు దానిని పాలపన్నేయనుకొని పిప్పికి వదలివేయుట మిక్కిలి తరచు. వైద్యుడు ఆ సమయమున చూచినచో దాని నమలు తలముపైగల లోతైన చీలికలను పూతతో మూసివేయగలడు.

అన్ని పండ్లును పోయి కట్టుడుపండ్లు పెట్టుకొన్న వృద్ధులు ఇక తమకు దంతవైద్యునితో పనిలేదని నిశ్చయించుకొందురు. దవడ యెముక ఏటేట అరుగుచుండును. పదేండ్లనాటి కట్టుడుపండ్లు ఆ యెముకపై సరిగా కూర్చుండవు. వదులైన అంచు బుగ్గను ఒకేచోట ఒరయుచు పుండు చేయును. రాత్రులు తీసి, తోమి, నీటిలో ఉంచవలెను; ఏడాదికొకసారి పండ్లతో సహా నోటిని చూపింపవలెను, అంగిలిని, నాలుక అడుగును కూడ.